నాలుగో కౌంటరు

మా ఆయన చేతిని ఒక పరాయి ఆడమనిషి పట్టుకోవడం నేను మొదటిసారి చూసింది ప్రభుత్వ కార్యాలయంలో, పట్టపగలు పదకొండు గంటలకి. గోడవారగా వేసిన కుర్చీల్లో మూడో కుర్చీ నాది. పట్టుకోవడమంటే ఏదో పలకరింపుగా పట్టుకోవడం కాదు. ఒక్కొక్క వేలూ విడదీసి, దాన్ని రెండు వేళ్ళ మధ్య ఇరికించి, గోరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా గాజు పలక మీద మెల్లగా దొర్లించడం. పది వేళ్ళు. ఒక్కో వేలికి నాలుగేసి సార్లు. బొటనవేళ్ళకైతే ఆరేసి.

వానలు మొదలైన వారంలోనే మాకు ఉత్తరం వచ్చింది. ఈ దేశంలో స్థిరంగా ఉండిపోవడానికి పెట్టుకున్న దరఖాస్తు రెండేళ్ళు ఏ బీరువాలోనో నిద్రపోయి, చివరికి ఒళ్ళు విరుచుకుంది. ఆయనా, నేనూ, పన్నెండేళ్ళ మా అమ్మాయీ ఫలానా తేదీన ఫలానా గంటకి వెళ్ళి వేలిముద్రలూ ఫొటోలూ ఇచ్చి రావాలి. ఆ ముద్రలు పోలీసు రికార్డులతో సరిచూస్తేగాని ఫైలు కదలదు. మా తాత్కాలిక పర్మిట్టేమో వానలు వెనకపట్టే నెలలో ముగిసిపోతుంది. దరఖాస్తు ఆయన పేరు మీద ఉంది, మేమిద్దరం ఆయన వెనకాల వేలాడుతున్నాం. అంటే మా ముగ్గురి కాపురం ఆయన పది వేళ్ళ మీద నిలబడి ఉంది.

"బి.ఏ. చదివావు. చివరికి నీచేతా వేలిముద్ర వేయిస్తున్నారు చూశావా!" అని ఆయన ఉత్తరం చూసి నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటికింకా నవ్వొచ్చింది.

ఆఫీసులో నన్నూ అమ్మాయినీ రెండో కౌంటరులో ఉన్న గడ్డం ఆయన పిలిచాడు. ఐదు నిమిషాలు పట్టలేదు. తెర మీద నా ముద్రలు చూసి అతను ఏదో అంటే, అక్కడి భాష నాకంటే బాగా వచ్చిన మా అమ్మాయి, "నీవి పుస్తకంలో బొమ్మల్లా ఉన్నాయటమ్మా," అంది. కాస్త గర్వపడ్డాను కూడా. ఆ గర్వంతోనే వచ్చి మూడో కుర్చీలో కూర్చుని ఆయన కోసం చూశాను. ఆయన నాలుగో కౌంటరు ముందున్నారు.

ఆవిడ అందగత్తె అయితే నాకు ఇంత బాధ ఉండేది కాదు. ముప్పయి ఐదేళ్ళుంటాయి. జుట్టు బిగించి వెనక్కి కట్టుకుంది, చేతులకి పల్చటి నీలం గ్లోవ్స్, గడియారం మణికట్టు లోపలి వైపుకి తిప్పి పెట్టుకుంది. చూడగానే ఎవరికైనా నమ్మకం కలిగే మొహం. పైగా మన మాటే మాట్లాడుతోంది.

"సార్, చెయ్యి బిగబట్టకండి."

"బిగబట్టలేదండీ."

"బిగబట్టారు. మీరు తిప్పకూడదు, నేను తిప్పుతాను. చెయ్యి నాకు వదిలెయ్యండి."

సార్ అంది. ఇరవై రెండేళ్ళుగా ఇళ్ళల్లో టైల్స్ వేసే మనిషిని మేస్త్రీ అంటారు, ఇదిగో అంటారు, ఏమయ్యా అంటారు. సార్ అని నేనెప్పుడూ వినలేదు. ఆవిడ ఒక్కసారి అన్నయ్యా అని ఉంటే నాకు సగం జబ్బు అక్కడే తగ్గిపోయేది. సార్ అన్న మాట పడగానే ఈయన నడుము నిటారైంది.

"ఏం పని చేస్తారు సార్?"

చెప్పారు.

"అదీ సంగతి. సిమెంటు తినేసింది గీతలన్నిటినీ. మీరు, ఇటుకలు మోసేవాళ్ళు, హోటళ్ళల్లో గిన్నెలు తోమేవాళ్ళు. కష్టపడ్డ చేతులంటే మా మిషనుకి పడదు."

ఆయన నవ్వారు. ఆయనకి పై వరసలో ఒక పన్ను సగానికి విరిగి ఉంటుంది. అది కనబడేలా ఎవరి ముందూ నవ్వరు, నోరు మూసుకునే నవ్వుతారు. అక్కడ ఆ పన్ను కనబడింది.

నలభై నిమిషాల తర్వాత ఆవిడ తెరకేసి చూసి పెదవి విరిచింది. ముద్రలు చదవడానికి లేవు. మూడు వారాల తర్వాత ఇంకో తేదీ. అదీ కుదరకపోతే ఐదేళ్ళలో మేము కాపురమున్న ప్రతి ఊరి పోలీసుల దగ్గరా నడవడిక పత్రాలు తేవాలట. మేము మారిన ఊళ్ళు నాలుగు, అద్దె ఇళ్ళు ఏడు. వానలు తగ్గేలోపు అయ్యే పని కాదని ముగ్గురికీ తెలుసు. అందుకని ఆవిడ ఒక చీటీ వెనక గుండ్రటి అక్షరాలతో జాగ్రత్తలు రాసిచ్చింది. సిమెంటు ముట్టొద్దు. రోజుకి మూడుసార్లు క్రీము. గిన్నెల నీళ్ళల్లో చెయ్యి పెట్టొద్దు. నిమ్మకాయ పిండొద్దు.

ఆయన ఆ చీటీని మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. కరెంటు బిల్లయితే నా చేతికిచ్చేవారు.

*

పదిహేనేళ్ళ కాపురంలో సొంతంగా ఒక సబ్బు బిళ్ళ కొనుక్కోని మనిషి, ఆ సాయంత్రమే వెళ్ళి క్రీము కొనుక్కొచ్చారు. వాసన లేనిది. ఆవిడ వాసన లేనిదే రాయమందట. కాంట్రాక్టరుతో మాట్లాడి మూడు వారాలూ కొలతల పనే పెట్టించుకున్నారు. ఇంటికి రాగానే గోరువెచ్చటి నీళ్ళతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, క్రీము పట్టించి, రెండు చేతులకీ ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని సోఫాలో కూర్చునేవారు. అలా కూర్చున్న మనిషికి టీవీ రిమోట్ నొక్కాలన్నా నేనే, చెవి దురద పెట్టినా నేనే.

"ఆ రెండు ప్లేట్లు కడిగి పెట్టొచ్చుగా," అన్నాను ఒకరోజు.

"నీళ్ళల్లో పెట్టొద్దంది."

ఎవరంది అని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. కర్త లేకుండా వాక్యాలు మొదలైపోయాయి మా ఇంట్లో. గోళ్ళు పొట్టిగా తీసుకోమంది. చెయ్యి కాసేపు ఎత్తి పట్టుకోమంది. నీళ్ళెక్కువ తాగమంది. నీళ్ళు తాగమని నేను పదిహేనేళ్ళుగా మొత్తుకుంటున్నాను.

మా అమ్మాయికి ఇది ఆటగా ఉంది. స్కూలుకి స్టాంపు ప్యాడ్ ఒకటి కొనుక్కుంది. రోజూ సాయంత్రం వాళ్ళ నాన్న వేళ్ళు నోటు పుస్తకంలో అద్ది, పక్కన తేదీ వేసేది.

"నాన్నా, ఈ వేలికి గీతలొస్తున్నాయి చూడు! నిన్న రెండే, ఇవాళ ఐదు!"

ఇద్దరూ తలలు ఆనించి చూసుకునేవాళ్ళు. నేను వంటింట్లోంచి మెడ సాచి చూసేదాన్ని. నిజంగానే వస్తున్నాయి. సంతోషించాల్సిన మాట. కాని ఆ గీతల్ని చూస్తే నాకు ఆవిడ గుండ్రటి చేతిరాతే కనబడేది.

ఆదివారం మా వదిన వచ్చింది. ఆయనకి అక్క, రెండు వీధుల అవతల ఉంటుంది, బట్టలు సరిచేసే కొట్టు నడుపుతుంది. గొడుగు దులుపుకుంటూ లోపలికొచ్చి, తమ్ముణ్ణి చూసి అక్కడే నిలబడిపోయింది.

"ఏమిట్రా, పెళ్ళికూతురిలా కూర్చున్నావు?"

"వేలిముద్రల కోసం అక్కా. నీళ్ళు తగలకూడదంది."

"ఎవరంది?"

"ఆవిడ."

"ఏ ఆవిడ?"

"నాలుగో కౌంటరు," అన్నాను నేను లోపలి నుంచి. నా గొంతు నాకే గిన్నె మీద గరిటె పడ్డట్టు వినిపించింది.

వదిన నేరుగా వంటింట్లోకి వచ్చేసింది. "ఎలా ఉంటుందే?"

"మామూలుగానే."

"అమ్మో, మామూలుగా ఉండేవాళ్ళతోనే చిక్కు. అందంగా ఉన్నదానికి తీరికెక్కడిది? పెళ్ళయిందా?"

"ఏమో, గ్లోవ్స్ వేసుకుంది. ఉంగరం ఉందో లేదో కనబడలేదు."

"అక్కడిదాకా చూశావన్నమాట!" అని వదిన పడీ పడీ నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పొయ్యి మంట తగ్గించి, మళ్ళీ పెంచాను.

"నవ్వకు వదినా. మీ తమ్ముడు నా చెయ్యి పట్టుకుని ఎన్నాళ్ళయిందో తెలుసా?"

"రోడ్డు దాటేటప్పుడు పట్టుకోడూ?"

"అప్పుడు భుజం పట్టుకుంటారు. తోపుడుబండిని తోసినట్టు."

వదిన ఇంకా నవ్వింది. వెళ్తూ వెళ్తూ మాత్రం, "ఒరేయ్, ఫైలు సంగతి చూడు, ఈ వయసులో నన్ను ఒంటరిదాన్ని చేసి పోతారేమో మీరు," అని కళ్ళు ఒత్తుకుంది. వదినకి ఎప్పుడో వచ్చేసింది ఇక్కడ స్థిరంగా ఉండే కార్డు. మాకు రాకపోతే ఇంకో ఊరు కాదు, ఇంకో దేశం వెతుక్కోవాలి. ఆ సంగతి నాకు తెలియక కాదు. అన్నీ తెలిసిన మనిషే ఆ తర్వాతి పని చేసింది.

*

వంటింటి సింకు వెనక మూడు టైల్స్ మధ్య సందుల్లో తెల్లసిమెంటు రాలిపోయి ఆరు నెలలైంది. నీరు కారడం లేదు, ఏమీ లేదు, చూడ్డానికి బాగోదు అంతే. రెండో అపాయింట్‌మెంట్ ఇంకో రెండు రోజులుందనగా, ఆయన సోఫాలో కవర్లు తొడుక్కుని కూర్చుని ఉండగా, నేను బాల్కనీలో డబ్బా తెరిచి తెల్లసిమెంటు కలిపాను.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉంది. అందరు మేస్త్రీలూ సందులు నింపాక రబ్బరు బిళ్ళతోనో స్పాంజితోనో నున్నగా చేస్తారు. ఈయన చివరికి ఒట్టి వేలితో లాగుతారు. కుడిచేతి చూపుడు వేలు ముందు, వెనకే మధ్య వేలు, పైనుంచి కిందికి ఒక్క లాగు. రబ్బరుకి లోతు తెలీదంటారు. ఆ ఒక్క లాగు కోసమే జనం ఆయన్నే అడిగి మరీ పిలిపించుకుంటారు. తడి సిమెంటు వంకరగా ఆరిపోతూ ఉంటే చూస్తూ ఊరుకోవడం ఆయన వల్ల కాదు. అలాంటి గోడలున్న ఇంటికి భోజనానికి పిలిచినా ముద్ద దిగదు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే వంకరగా పూశాను.

"నీళ్ళెక్కువయ్యాయి," అన్నారు గుమ్మంలో నిలబడి.

"ఏం ఫరవాలేదు."

"అలా అడ్డంగా కాదు, పైనుంచి లాగాలి."

"మీరు వెళ్ళి కూర్చోండి. చేతులు పాడైతే ఆవిడ బాధపడుతుంది."

ఆయన నాకేసి చూశారు. నేను గోడకేసి చూశాను. కాసేపటికి ప్లాస్టిక్ కవర్లు ఊడదీసిన చప్పుడైంది.

"జరుగు."

మూడు టైల్స్ దగ్గర మొదలై గోడంతా అయింది. గంటన్నర పట్టింది. మునుపు పక్కనున్నవాళ్ళతో కబుర్లు చెబుతూ, గోడకేసి చూడకుండానే లాగేవారు సందుల్ని. ఆరోజు మొహం గోడకి ఆనించి, ఓరగా, ఒక్కొక్క సందూ కళ్ళతో కొలుచుకుంటూ చేశారు. కళ్ళజోడు మార్చాలేమో అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు. నా పని అయింది, అది చాలు ఆ పూటకి.

మర్నాడు పొద్దున అమ్మాయి స్టాంపు ప్యాడ్ పట్టుకుని వచ్చి వాళ్ళ నాన్న వేళ్ళు చూసింది. తెల్లగా పాలిపోయి, చివళ్ళు పగిలి, మధ్యలో ఎర్రగా ఉన్నాయి. ప్యాడ్ మూత పెట్టేసి స్కూలుకి వెళ్ళిపోయింది.

*

రెండోసారి ఆయన ఒక్కరే వెళ్తే సరిపోతుంది. నేనూ తయారయ్యాను.

"నీవి అయిపోయాయిగా?"

"వానలో ఒక్కరూ ఎందుకు."

అక్కడ టోకెను ప్రకారం రెండో కౌంటరు గడ్డం ఆయన పిలిచాడు. ఈయన కాగితాలేవో వెతుక్కుంటున్నట్టు సంచిలో తల దూర్చి, వెనకనున్న ముసలాయనని ముందుకి పంపేశారు. తర్వాత నాలుగో కౌంటరు ఖాళీ అయింది. సంచిలో కాగితాలు వెంటనే దొరికాయి.

ఇంతవరకూ నాది అనుమానం. ఇక రుజువు దొరికిందనుకున్నాను.

ఆవిడ వేళ్ళు చూడగానే మొహం చిన్నబుచ్చుకుంది. "మళ్ళీ సిమెంటు పట్టారా సార్? అంత చెప్పానే."

"పనిలో పడిపోయానండీ." నా మీదికి తేలేదు. అది నాకు ఇంకా గుచ్చుకుంది.

ఆవిడ తడి కాగితంతో ఒక్కో వేలూ తుడిచి, గాజు తుడిచి, మళ్ళీ మొదలుపెట్టింది. ఎడమ చేతి ముద్రలు ఎలాగో అయ్యాయనిపించింది. కుడిచేతి దగ్గర ఆగిపోయింది.

"సార్, గట్టిగా అదుముతున్నారు. ఉన్న గీతలు కూడా అలుక్కుపోతున్నాయి."

"అదమడం లేదండీ."

ఆవిడ కాసేపు ఆయన చెయ్యి అలాగే పట్టుకుని ఉండిపోయింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. ఆ హాలులో గొంతు తగ్గిస్తేనే బాగా వినబడుతుంది.

"నేనిప్పుడు నొక్కుతున్నాను. తెలుస్తోందా?"

"ఏ వేలండీ?"

"చూపుడు వేలు."

"లేదండీ."

"మధ్య వేలు?"

"లేదు."

"ఎప్పటినుంచి?"

"కిందటేడు చలికాలం నుంచి."

"ఇంట్లో చెప్పారా?"

ఆయన తల అడ్డంగా ఊపారు.

నాకు ఆయన వేళ్ళకి స్పర్శ పోయిందన్న దిగులు తర్వాత వచ్చింది, నిజమే చెప్పాలి. ముందు వచ్చింది వేరు. కిందటేడు చలికాలం నుంచి ఈ వానాకాలం దాకా ఒక్క మంచం మీద పడుకుని, ఒక్క కంచం పక్కన ఇంకో కంచం పెట్టుకుని తిన్న నాకు చెప్పని మాట, రెండోసారి చూసిన మనిషికి అరనిమిషంలో చెప్పేశారు. చెయ్యి పట్టుకున్నందుకు కాదు, సార్ అన్నందుకు కాదు, నాకు అసలు మంట అప్పుడు పుట్టింది. వాళ్ళిద్దరి మధ్యా ఏమీ లేదని అదే నిమిషంలో అర్థమైంది. అర్థమైనా తగ్గలేదు.

తెర మీద ఎర్ర గీత వచ్చింది. ఆవిడ కాగితం మీద ముద్ర కొట్టబోతూ, "రెండోసారి కూడా కుదరకపోతే ఇక మూడోది ఇవ్వరు సార్. పోలీసు పత్రాలే. చేతులకి దెబ్బలాంటిదేమైనా తగిలి, అది తగ్గేదైతే తప్ప," అంది.

నేను లేచి, జనం ఆగాల్సిన పసుపు గీత దాటి కౌంటరు దగ్గరికి వెళ్ళాను.

"నేనే చేయించానండీ."

"ఏమిటండీ?"

"సిమెంటు పని. మొన్న, ఇంట్లో. ఆయన తప్పేం లేదు."

"దానిదేం లేదండీ, నేనే..." అని ఈయన అందుకోబోయారు.

"మీరూరుకోండి," అన్నాం ఆవిడా నేనూ ఒక్కసారే. అది కూడా నాకు నచ్చలేదు.

ఆవిడ సొరుగులోంచి ఒక ఫారం తీసింది. ముద్రలు రాకపోవడానికి తాత్కాలిక కారణం ఉంటే రాసి సంతకం పెట్టాలి, పై అధికారి ఒప్పుకుంటే ఇంకో తేదీ ఇస్తారు. కలం పట్టుకుని నాకేసి చూసింది.

"అపాయింట్‌మెంట్‌కి రెండు రోజుల ముందు సిమెంటు పని. ఎందుకని అడుగుతారండీ. గోడలోంచి నీళ్ళు కారుతున్నాయా?"

అవునంటే అయిపోయేది. ఆవిడే అందించింది ఆ మాట.

"కారడం లేదు."

"మరి అంత అర్జంటా?"

"అర్జంటేం కాదు. చెయ్యమన్నాను, చేశారు."

ఆవిడ నన్ను చూసింది. ఆయన్ని చూసింది. ఆయన నేల చూశారు. ఇంకేమీ అడగకుండా, ఇంటి మరమ్మతులో చేతులు ఒరుసుకుపోయాయి, నాలుగు వారాల్లో తగ్గుతాయి అని అక్కడి భాషలో రాసింది. సాక్షి అన్నచోట నేను సంతకం పెట్టాను, బంధుత్వం అన్నచోట భార్య అని రాశాను. ఆవిడ లోపలికి వెళ్ళి, పావుగంటకి తేదీతో తిరిగొచ్చింది. పర్మిట్ ముగియడానికి తొమ్మిది రోజుల ముందు.

బయటికొచ్చాక ఆయన గొడుగు తెరిచి, "అంతా చెప్పడం అవసరమా?" అన్నారు.

"మీరు చెప్పినంత చెప్పలేదులెండి," అన్నాను. ఆయనకి అర్థమైందనే అప్పుడు అనుకున్నాను.

*

ఆ నాలుగు వారాలూ ఆయన చేతులకి నేను తడి తగలనివ్వలేదు. చొక్కా గుండీలు నేనే పెట్టాను, క్రీము నేనే రాశాను. రాసేటప్పుడు ఆ రెండు వేళ్ళ దగ్గరికి రాగానే నెమ్మదించేదాన్ని. ఇప్పుడు చెబుతారు, ఇప్పుడు చెబుతారు అని చూసేదాన్ని. కాంట్రాక్టరు కొత్త బండి సంగతి చెప్పేవారు, అమ్మాయి లెక్కల టీచరు సంగతి చెప్పేవారు. నేనూ అడగలేదు. ఆవిడ అడిగితే చెప్పింది నేను అడిగి చెప్పించుకోవడమా? అడక్కుండా చెబితేనే నాకు లెక్క అనుకున్నాను. ఇంత మొండితనం నాలో ఉందని మా అమ్మకి కూడా తెలీదు.

అమ్మాయి మళ్ళీ నోటు పుస్తకం తీసింది. గీతలు మళ్ళీ వచ్చాయి.

మూడోసారి కౌంటరులో ఆవిడే ఉంది. ఈసారి నన్ను పిలిచి ఆయన పక్కనే కుర్చీ వేయించింది. కుడిచెయ్యి తీసుకుని చాలా ఓపికగా, ఒక్కో వేలికీ ఊపిరి బిగబట్టి చేసింది. బయట వాన తగ్గిపోయి కిటికీలోంచి ఎండ గాజు పలక మీద పడితే, లేచి వెళ్ళి కిటికీ పరదా దించి వచ్చి మళ్ళీ చేసింది. చివరికి తెర మీద ఆకుపచ్చ గీత వచ్చింది. ఎనిమిది వేళ్ళు చదివింది మిషను. రెండు చదవలేదు. ఎనిమిది చాలు.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు.

"మీరు బాగా చూసుకున్నారండీ చేతుల్ని," అంది ఆవిడ నాతో.

నాకు సర్టిఫికెట్ ఇవ్వడానికి ఈవిడెవరు అనుకున్నాను. "థాంక్సండీ," అన్నాను.

"ఆ రెండు వేళ్ళూ డాక్టరుకి చూపించారా?"

నాకు తెలుసనే అనుకుంది. ఇంటికి వెళ్ళి చెప్పి ఉంటారనుకుంది పాపం.

"చూపిస్తున్నామండీ," అన్నాను వెంటనే. ఆయన ఉలిక్కిపడి నాకేసి తిరగడం కనబడింది. నేను మాత్రం ఆవిడకేసే చూస్తూ నవ్వాను.

ఆవిడ కాగితం మీద ముద్ర కొట్టింది. తర్వాతి టోకెను పిలిచింది. ఒక తాపీమేస్త్రి అనుకుంటాను, దుమ్ము పట్టిన బూట్లతో లేచి వచ్చాడు. "సార్, ఇలా కూర్చోండి," అంది ఆవిడ అతనితో, అదే గొంతుతో.

బస్సులో కిటికీ పక్క సీటు ఆయనది. నాలుగు స్టాపులు ఓపిక పట్టాను. ఐదో స్టాపు దగ్గర ఆయన కుడిచెయ్యి తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఎదుటి సీటులో ఎవరో ఉన్నారు, ఉండనీ అనుకున్నాను. చూపుడు వేలి చివర నొక్కాను.

"తెలుస్తోందా?"

ఆయన కిటికీలోంచి చూస్తున్నారు. "ఆఁ."

నా చెయ్యి పక్కకి తీసేశాను.

"ఇప్పుడు?"

"తెలుస్తోంది."

"నేను పట్టుకోలేదు."

ఆయన ఇటు తిరిగి తన చేతికేసి చూసుకున్నారు.

"ఆవిడకైతే ఉన్నదున్నట్టు చెప్పారు," అన్నాను. గొంతు మామూలుగానే ఉంచుకున్నాను.

"ఆవిడ ఏడవదుగా," అన్నారు.

నేనూ ఏడవలేదు. ఆ చెయ్యి మళ్ళీ తీసుకుని, ఈసారి ఆయన్ని కళ్ళు మూసుకోమని, ఒక్కో వేలూ చివర నొక్కుతూ, ఒక్కోసారి నొక్కకుండా ఊరుకుంటూ అడిగాను. కుడిచెయ్యి అయ్యాక ఎడమ చెయ్యి. మేము దిగాల్సిన స్టాపు దాటిపోయింది. ఆయన అబద్ధమాడలేదు. తెలిస్తే తెలిసిందన్నారు, తెలీకపోతే తెలీదన్నారు.

పదిలో నాలుగు వేళ్ళకి స్పర్శ లేదు. ఆవిడకి తెలిసింది రెండే.